టైరు మీద రెండో అంకె చూశారా?

సింధనూరు, మాన్వి వైపు తుంగభద్ర ఎడమ కాలువ వెంబడి ఉన్న క్యాంపుల నుంచి మన పిల్లలు చాలామంది సైకిళ్ల మీదే బడికి వస్తారు. కర్ణాటక ప్రభుత్వం 2006-07లో మొదలుపెట్టిన ఉచిత సైకిళ్ల పంపిణీ కొవిడ్ కాలంలో ఆగింది. దాంతో అక్క సైకిలే చెల్లెలికి వస్తోంది. పాతబడిన సైకిలు టైరు కుదరక మూలపడితే ముందు ఆడపిల్ల హాజరే తగ్గుతుంది.

టైర్లు దొరక్క కాదు, సరిపడనివి తేవడం వల్లే తంటా. నాన్న టౌనుకెళ్లి "26 టైరు ఇవ్వండి" అంటాడు. 26 అంటే ఒకటే సైజు కాదు. 26×1⅜ టైరు కూర్చునేచోట రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. 26×1½కు 584. 26×1.75కు 559. ఆరు మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు. కానీ చిన్న టైరు పెద్ద రిమ్ముకు ఎక్కదు, పెద్ద టైరు చిన్న రిమ్ము మీద నిలవదు.

లెక్కల మాస్టార్లకు ఇందులో ఓ తమాషా ఉంది. 1½, 1.5 సమానమని తరగతిలో చెబుతాం. టైరు మీద మాత్రం 26×1½ వేరు, 26×1.50 వేరు. రెండోదాని రిమ్ము 559. అందుకే టైరు పక్కన 37-590 లాంటి చిన్న అంకెలు వెతకమని పిల్లలకు చెబుతున్నాం. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. వెడల్పు కాస్త అటూఇటైనా మడ్‌గార్డుకు తగలకుంటే నడుస్తుంది. రెండోది మాత్రం కచ్చితంగా కలవాలి.

రిమ్మే మార్చాల్సి వస్తే పుల్లలు లెక్కపెట్టండి. పాతకాలపు పెద్ద సైకిళ్లకు ముందు 32, వెనక 40 ఉండేవి. రెండు చక్రాలకూ 36 ఉన్నవీ ఉన్నాయి. 40 రంధ్రాల హబ్బుకు 36 రంధ్రాల రిమ్ము పనికిరాదు. పుల్ల పొడవు ఎక్కువైతే కొన లోపలికి పొడుచుకొచ్చి ట్యూబును గుచ్చుతుంది. పదేపదే పంక్చరవుతుంటే దారిలో ముళ్లను తిట్టేముందు రిమ్ము లోపల ఓసారి తడిమి చూడండి.

భాషతోనూ ఓ చిక్కుంది. కన్నడలో "గాలి" అంటే చక్రం, మన గాలిని వాళ్లు "గాళి" అంటారు. మన పిల్ల షాపులో "గాలి పోయింది" అంటే అతను చక్రం కోసం చూసినా తప్పులేదు! అంకెలకు ఆ బాధ లేదు. అందుకే పిల్లలందరి చేత తమ టైరు అంకెలు నోటుబుక్కు అట్ట లోపల రాయించాం. టైరు మీద అంకెలు అరిగిపోయి ఉంటే రిమ్ము మీద వెతకండి. అక్కడా లేకుంటే చక్రాన్నే ఊడదీసి షాపుకు తీసుకెళ్లండి.