అమెరికా ఇంజినీరింగ్ లైసెన్సు పరీక్ష: పుస్తకం తెరపైనే ఉన్నా సమాధానం ఎందుకు చిక్కదు?

అమెరికాలో ఇంజినీరింగ్ పట్టా, మంచి ఉద్యోగం రెండూ ఉన్నంత మాత్రాన నిర్మాణ నక్షాలపై సంతకం చేసి ముద్ర వేసే అధికారం లభించదు. ప్రజలకు నేరుగా ఇంజినీరింగ్ సేవలు అందించాలన్నా, ఒక వంతెన లేదా నీటిశుద్ధి కేంద్రం రూపకల్పనకు బాధ్యత వహించాలన్నా ‘ప్రొఫెషనల్ ఇంజినీర్’ లైసెన్సు ఉండాలి. దాన్ని జారీ చేసేది ఆయా రాష్ట్రాల బోర్డులు. అందుకు అవసరమైన పరీక్షలను మాత్రం ఎన్‌సీఈఈఎస్ అనే జాతీయ మండలి రూపొందిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుంచి వెళ్లి అక్కడి నిర్మాణ, విద్యుత్, జలవనరుల రంగాల్లో స్థిరపడిన ఇంజినీర్లకు ఉద్యోగంలో ఒక స్థాయి దాటాక ఈ లైసెన్సు తప్పనిసరి మెట్టుగా ఎదురవుతుంది.

ఈ నియంత్రణ వెనుక చరిత్ర ఉంది. నీటి వాడకం అనుమతుల కోసం ఇంజినీరింగ్ తెలియనివారు కూడా నక్షాలు గీసి సమర్పిస్తుండటంతో వయోమింగ్ రాష్ట్రం 1907లో దేశంలోనే తొలి లైసెన్సు చట్టం చేసింది. 1937 మార్చిలో టెక్సాస్‌లోని న్యూ లండన్ పాఠశాలలో గ్యాస్ లీకై జరిగిన పేలుడులో దాదాపు 300 మంది మరణించారు. వారిలో అత్యధికులు పిల్లలే. ఆ ఏడాదే టెక్సాస్ కూడా ఇంజినీర్ల నమోదును చట్టబద్ధం చేసింది.

సాధారణంగా ఇందులో రెండు దశలుంటాయి. మొదటిది ‘ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్’, అంటే ఎఫ్‌ఈ. ఇందులో 110 ప్రశ్నలకు 5 గంటల 20 నిమిషాల వ్యవధి ఇస్తారు. రెండోది, కొన్నేళ్ల అనుభవంతో ముడిపడిన పీఈ పరీక్ష. సివిల్ విభాగంలో 80 ప్రశ్నలకు 8 గంటల సమయం ఉంటుంది. ప్రశ్నకు ఎఫ్‌ఈలో మూడు నిమిషాల లోపు, పీఈలో ఆరు నిమిషాలు అన్నమాట. తప్పు సమాధానానికి మార్కులు కోయరు. గేట్‌లో నెగెటివ్ మార్కులకు భయపడి ప్రశ్నలు వదిలేయడానికి అలవాటు పడిన అభ్యర్థులు ఆ అలవాటును ఇక్కడ పక్కన పెట్టవచ్చు.

అసలు తేడా పుస్తకం దగ్గర ఉంది. కాగితంపై పీఈ పరీక్ష జరిగిన రోజుల్లో అభ్యర్థులు తమ పుస్తకాలను పెట్టెల్లో సర్దుకుని, పుటలకు రంగురంగుల చీటీలు అంటించుకుని పరీక్ష గదికి తీసుకువెళ్లేవారు. ఎఫ్‌ఈ 2014లో, పీఈ సివిల్ 2022లో కంప్యూటర్‌కు మారాయి. ఇప్పుడు సొంత పుస్తకం ఒక్కటి కూడా లోపలికి రాదు. ఎన్‌సీఈఈఎస్ ప్రచురించిన రిఫరెన్స్ హ్యాండ్‌బుక్ మాత్రమే తెరపై ప్రశ్న పక్కన కనిపిస్తుంది. అందులో పదాన్ని టైపు చేసి వెతుక్కోవచ్చు. అదే పుస్తకాన్ని మండలి వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు.

సూత్రాలన్నీ చేతిలోనే ఉంటే ఇక కష్టమేమిటన్న సందేహం సహజం. ప్రశ్న అడిగేది సూత్రం గుర్తుందా అని కాదు, ఏ సూత్రం ఎక్కడ వర్తిస్తుందో తెలుసా అని. హ్యాండ్‌బుక్‌లో వివరణ స్వల్పం, ఉదాహరణలు అంతకన్నా స్వల్పం. విషయం తెలిసినవారికి అది జ్ఞాపిక. తెలియనివారికి గుర్తుల గుట్ట. పైగా ప్రతి ప్రశ్నకూ కావలసిన సమాచారమంతా ఇందులో లేదని, ప్రాథమిక సూత్రాలు, నిర్వచనాలు అభ్యర్థికి ముందే తెలిసి ఉండాలని ఎఫ్‌ఈ హ్యాండ్‌బుక్ తన ఉపోద్ఘాతంలోనే చెబుతుంది. చాలామంది ఆ పుటను తిప్పేస్తారు. అందులో ఏది లేదో గుర్తించి ఒక జాబితా రాసుకోవడం సన్నాహంలో తొలి పని కావాలి. కంఠస్థం చేయవలసింది ఆ జాబితానే.

భారతదేశంలో చదువుకున్న అభ్యర్థికి మరో చిక్కు ఉంది. కాలువలో నీటి వేగాన్ని లెక్కించే మ్యానింగ్ సూత్రాన్నే చూడవచ్చు. ఇక్కడి కళాశాలల్లో దాన్ని మీటర్లలో నేర్పుతారు కనుక ముందున్న స్థిరాంకం 1. అది కనిపించదు, గుర్తుండవలసిన అవసరమూ లేదు. అడుగుల్లో లెక్కిస్తే ఆ స్థిరాంకం 1.486 అవుతుంది. హ్యాండ్‌బుక్ రెండు విలువలనూ ఇస్తుంది. అయినా సూత్రం తనకు వచ్చునన్న ధీమాతో పుట తెరవని అభ్యర్థి వేగాన్ని దాదాపు మూడో వంతు తక్కువగా తేలుస్తాడు. అలాంటి పొరపాటుకు సరిగ్గా సరిపోయే అంకె ఇచ్చిన ఎంపికల్లో ఉండే అవకాశం ఎక్కువ. పౌండు విషయమూ అంతే. అక్కడ ద్రవ్యరాశికీ బలానికీ అదే పేరు. రెంటినీ కలిపే 32.2 అనే గుణకాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ వదలాలో చేతికి అలవాటు కావాలంటే పదుల సంఖ్యలో లెక్కలు ఆ ప్రమాణాల్లోనే చేయాలి. తెలిసిన సూత్రాన్ని కూడా పుట తెరిచి సరిచూసుకోవడం ఈ పరీక్షలో బలహీనత కాదు.

వెతుకులాటలో భాష కూడా అడ్డుపడుతుంది. ఇక్కడి ఇంజినీరు ‘ఎర్తింగ్’ అంటాడు, అక్కడ అది ‘గ్రౌండింగ్’. మన ‘షట్టరింగ్’ వారికి ‘ఫార్మ్‌వర్క్’. మన రోడ్ల ‘బిటుమెన్’ వారి దగ్గర ‘అస్ఫాల్ట్ బైండర్’. సర్వేలో ‘రెడ్యూస్‌డ్ లెవెల్’ అనేదాన్ని వారు ‘ఎలివేషన్’తో సరిపెడతారు. యంత్రం టైపు చేసిన పదాన్నే వెతుకుతుంది, భావాన్ని కాదు. కాబట్టి హ్యాండ్‌బుక్ చదివేటప్పుడు మనకు తెలిసిన పదానికి ఎదురుగా ఆ పుస్తకం వాడే పదాన్ని రాసుకుంటూ పోవాలి. ఈ జాబితా పరీక్ష గదికి రాకపోయినా, రాసిన చేతికి గుర్తుంటుంది. ‘స్ట్రెస్’ వంటి సాధారణ పదాన్ని వెతికితే పుస్తకమంతా పుటలు వరుస కడతాయి. అధ్యాయాల క్రమం తెలిసినవారు వెతకకుండానే నేరుగా అక్కడికి వెళ్తారు.

పీఈ సివిల్‌లో హ్యాండ్‌బుక్‌తో పాటు కాంక్రీటుకు ఏసీఐ 318 వంటి నిర్మాణ ప్రమాణ గ్రంథాలు కూడా తెరపై ఇస్తారు. అయితే ఒక్కో గ్రంథంలో ఒకసారికి ఒక్క అధ్యాయాన్నే తెరిచి వెతకడానికి వీలుంటుంది. ఏ అంశం ఏ అధ్యాయంలో ఉందో తెలియకపోతే ఆరు నిమిషాలు తలుపులు తట్టడానికే సరిపోతాయి. భావనల్లోనూ జాగ్రత్త అవసరం. మన ఐఎస్ 456 ప్రమాణం కాంక్రీటు బలాన్ని 150 మిల్లీమీటర్ల ఘనాకారపు దిమ్మపై కొలుస్తుంది. అమెరికా ప్రమాణం స్తూపాకారపు నమూనాపై కొలుస్తుంది. అదే కాంక్రీటుకు రెండో పద్ధతిలో బలం సుమారు 20 శాతం తక్కువగా తేలుతుంది. ఎం25 కాంక్రీటుతో పదేళ్లు పనిచేసిన అనుభవజ్ఞుడు ఆ అంకెను యథాతథంగా మోసుకువెళ్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

మార్కెట్లో దొరికే సమీక్షా గ్రంథాలు, శిక్షణ తరగతులు విషయం నేర్చుకోవడానికి ఉపయోగపడతాయి. కానీ వాటిలోని గుర్తులు, పట్టికల అమరిక వేరుగా ఉండవచ్చు. సమీక్షా గ్రంథంలో పాఠం చదివినా, అభ్యాసపు లెక్కను మాత్రం హ్యాండ్‌బుక్ పీడీఎఫ్‌ను పక్కన తెరిచి, అందులోని గుర్తులతోనే చేయడం మేలు. కాగితంపై ముద్రించిన ప్రతితో సాధన చేసినవారికి తెరపై పుట జరపడం కొత్తగా ఉంటుంది. పరీక్ష కేంద్రంలో పెన్ను, కాగితం కూడా ఉండవు. తుడిచి వాడుకునే పుస్తకం, మార్కరు ఇస్తారు.

కాలిక్యులేటర్ విషయంలో మాత్రం మనవారికి ఊరట ఉంది. అనుమతించిన కొద్ది రకాల్లో ఇక్కడి విద్యార్థులకు చిరపరిచితమైన కేసియో ఎఫ్‌ఎక్స్-991 ఉంది.

పుస్తకం చూసి రాసే పరీక్ష మన దేశానికీ పూర్తిగా కొత్త కాదు. ఇంధన సామర్థ్య బ్యూరో తరఫున ఎనర్జీ ఆడిటర్లకు నిర్వహిస్తూ వచ్చిన ధ్రువీకరణ పరీక్షలో నాలుగో పేపరు ఆ పద్ధతిలోనిదే. అక్కడ అభ్యర్థి తన పుస్తకాన్ని తానే తెచ్చుకుంటాడు. అమెరికా పరీక్షలో పుస్తకం పరాయిది. దాని కూర్పులు కూడా మారుతుంటాయి. పాత కూర్పుతో నెలల తరబడి చదివి, పరీక్షనాడు కొత్త దాన్ని చూడకుండా ఉండాలంటే తేదీ ఖరారు చేసుకునేటప్పుడే ఆ తేదీన ఏ కూర్పు వాడుతారో మండలి వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి.

ఉత్తీర్ణులు కానివారికి మండలి ఒక నివేదిక పంపుతుంది. ఏ అంశంలో ఎలా రాశారో అందులో విడివిడిగా ఉంటుంది. ఎఫ్‌ఈని 12 నెలల్లో మూడుసార్ల వరకు రాయవచ్చు కనుక, మళ్లీ మొదటి పుట నుంచి చదవకుండా, నివేదికలో వెనుకబడిన అంశాల అధ్యాయాలను హ్యాండ్‌బుక్‌లో తెరిచి అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.