ఎదిర్నెలో సెలిమియెను చివర చూడాలి

టర్కీ వాయవ్య కొసన, గ్రీస్, బల్గేరియా సరిహద్దులకు దగ్గర్లో ఉన్న ఎదిర్నె పట్టణానికి వచ్చే యాత్రికుల్లో చాలామంది ఒకే ఒక్క కట్టడం కోసం వస్తారు. అది సెలిమియె మసీదు. 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఊళ్లోకి ఏ దారిన వచ్చినా దాని గుమ్మటం, నాలుగు మీనార్లే ముందు కనిపిస్తాయి కాబట్టి కాళ్లు అటే లాగుతాయి. అలా నేరుగా వెళ్లి చూసినవాళ్లకు అది ఒక మహాశిల్పి బుర్రలోంచి ఉన్నట్టుండి ఊడిపడ్డ అద్భుతంలా తోస్తుంది. సుమారు యాభై ఏళ్ల పాటు ఒట్టోమన్ సుల్తానుల ప్రధాన శిల్పిగా ఉన్న సినాన్, ఎనభయ్యో పడి దగ్గరపడ్డాక తన ప్రతిభనంతా ఇక్కడ కుమ్మరించాడన్నది తరచుగా వినిపించే కథ. అబద్ధమేమీ కాదు కానీ అందులో సగమే ఉంది. మిగతా సగం అదే ఊళ్లో, సెలిమియె గుమ్మం నుంచి కొద్ది నిమిషాల నడకలో, అంతకు నూరూ నూటయాభై ఏళ్ల ముందు లేచిన మసీదుల్లో ఉంది. వాటిని కట్టిన వరుసలో చూసుకుంటూ వచ్చి సెలిమియెను ఆఖరికి పెట్టుకుంటేనే సినాన్ కొత్తగా ఏం చేశాడో, పాతవాళ్ల దగ్గర ఏం తీసుకున్నాడో తెలుస్తుంది.

రోమన్ చక్రవర్తి హేడ్రియన్ పేరు పెట్టుకున్న ఈ పాత ఊరు 1360లలో ఒట్టోమన్ల చేతికి వచ్చింది. 1453లో ఇస్తాంబుల్ పడేదాకా వాళ్ల రాజధాని ఇదే. ఆ ముట్టడికి వాడిన పెద్ద ఫిరంగిని పోతపోసింది కూడా ఇక్కడే. రాజధానికి పెద్ద మసీదు కావాలి. పెద్ద మసీదు అనగానే వచ్చే చిక్కు పైకప్పు. నమాజుకు నిలబడ్డవాళ్లు భుజం భుజం ఆనించి వరుసలు కడతారు. వరుస మధ్యలో స్తంభం వస్తే వరుస తెగుతుంది, వెనకవాళ్లకు ఇమాం కనబడడు. స్తంభాలు తీసేద్దామంటే అంత వెడల్పు మీద రాతి కప్పు నిలవదు. ఒక్కటే పెద్ద గుమ్మటం వేద్దామంటే దాని బరువు కిందికి మాత్రమే దిగదు. నున్నటి గచ్చు మీద కాళ్లు బాగా ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషికి పాదాలు బయటికి జారుతున్నట్టే, గుమ్మటం తన అడుగున ఉన్న గోడల్ని బయటికి నెడుతుంది. గుమ్మటం వెడల్పయ్యే కొద్దీ ఆ తోపుడూ పెరుగుతుంది. ఎదిర్నె మసీదులన్నీ ఈ ఒక్క లెక్కకు వేర్వేరు తరాలు రాసిన జవాబులు.

మొదటి జవాబు ఊరి నడిబొడ్డున ఉన్న ఎస్కి జామి, అంటే పాత మసీదు. 1403లో మొదలుపెట్టి, అన్నదమ్ముల సింహాసన యుద్ధాల నడుమ సాగదీసి, 1414లో మొదటి మెహ్మద్ కాలంలో పూర్తిచేశారు. ఇది సాహసం చేయని జవాబు. చదరపు హాలును తొమ్మిది గళ్లుగా చీల్చి, ఒక్కో గడి మీద దాదాపు 13 మీటర్ల వెడల్పున్న గుమ్మటం వేసి, నడుమ నాలుగు లావాటి స్తంభాలు నిలబెట్టారు. గోడల మీద మనిషి ఎత్తును మించిన నల్లటి అరబిక్ అక్షరాలు చూసి మురిసిపోతాం, సరే. కానీ లోపల పది అడుగులు వేసి చూడండి, ఎక్కడ నిలబడినా ఏదో ఒక స్తంభం చూపుకు అడ్డం వస్తుంది. హాలు మొత్తం ఒక్క చూపులో అందదు. ఈ లోటును ఇక్కడ గుర్తుపెట్టుకుంటే తరువాతి మసీదు ఎందుకు అలా ఉందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ తరువాతిది ఊచ్ షెరెఫెలి, మూడు బాల్కనీల మసీదు. రెండో మురాద్ దీన్ని 1438–47 మధ్య కట్టించాడు. ఎదిర్నెలో అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగింది ఈ కట్టడానికేనని నా అభిప్రాయం. ఇందులో నడిమి గుమ్మటం వెడల్పు 24 మీటర్లు. ఎస్కి జామి గుమ్మటానికి దాదాపు రెట్టింపు, అప్పటికి ఒట్టోమన్లు కట్టిన వాటన్నిటిలోనూ పెద్దది. దాన్ని ఆరు చోట్ల ఆనించారు. అందులో నాలుగు ఆనికలు గోడల్లోనే కలిసిపోయాయి. హాలులోకి వచ్చినవి రెండే స్తంభాలు. పరాచికానికి కూడా సన్నవి అనలేనంత లావువి. ఇటూ అటూ రెండేసి చిన్న గుమ్మటాలు, వాటికీ పెద్ద గుమ్మటానికీ నడుమ మిగిలిపోయిన ముక్కోణపు సందుల్ని ఎలాగో కప్పేసిన అతుకులు. ఆ అతుకుల్ని తప్పుగా ఎంచి ముందుకు సాగిపోకూడదు. ముందు దారి చూపినవాడు లేని చోట కొత్త పని చేసినవాడి తడబాటు అది. వరండాలు తిరిగిన ప్రాంగణం, నడుమ నీళ్ల తొట్టి అనే అమరిక ఒట్టోమన్ మసీదుల్లో మొదట కనిపించేదీ ఇక్కడే. నాలుగు మీనార్లు నాలుగు రకాలు. ఒకదాని ఒంటి మీద మెలికలు తిరిగిన చారలుంటాయి. 67 మీటర్ల ఎత్తున్న పెద్ద మీనారులో మూడు వేర్వేరు మెట్ల దారులున్నాయి, ముగ్గురు ఒకరికొకరు ఎదురుపడకుండా మూడు బాల్కనీలకు ఎక్కవచ్చు.

సినాన్ దీన్ని ఎరుగుదునన్నాడా? మాటల్లో చెప్పాల్సిన పని లేకుండా కట్టి చూపించాడు. 1550లలో ఇస్తాంబుల్‌లోని బెషిక్తాష్‌లో నౌకాసేనాని సినాన్ పాషా కోసం వేసిన మసీదు ఈ ఊచ్ షెరెఫెలి నమూనాకు చిన్న ప్రతి. అదే ఆరు ఆనికల పథకం, అవే పక్క గుమ్మటాలు. ఎదిర్నెలోనూ, ఊచ్ షెరెఫెలికి సరిగ్గా ఎదురుగా, వజీరు సొకొల్లు మెహ్మద్ పాషా కోసం ఒక హమాం, అంటే స్నానశాల కట్టాడు. అంటే కాపీ చేసి నేర్చుకున్నాడు, దాని ముంగిట్లో పనిచేశాడు, ఆ తరువాత దాన్ని దాటే ప్రయత్నం చేశాడు. ఆరు ఆనికల్ని ఎనిమిది చేస్తే ఏమవుతుందో 1560ల తొలినాళ్లలో ఇస్తాంబుల్‌లోని రుస్తెం పాషా మసీదులో చిన్న కొలతలో పరీక్షించుకున్నాడు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఒట్టోమన్ శిల్పులకు అసలు గురువు ఇస్తాంబుల్‌లో ఆరో శతాబ్దంలో చర్చిగా లేచిన ఆయా సోఫియా కదా, ఈ ఊరి పాత మసీదులకు అంత గొప్ప కట్టబెట్టడం ఎందుకని. ఆయా సోఫియా ప్రభావాన్ని ఎవరూ కాదనలేరు. సినాన్ చివరి రోజుల్లో కవి సాయీ ముస్తఫా చెలెబి రాసిపెట్టిన జ్ఞాపకాల్లో, సెలిమియె గుమ్మటం వెడల్పులోనూ ఎత్తులోనూ ఆయా సోఫియాను మించిందన్న దర్పం స్పష్టంగా ఉంది. ఆ దర్పాన్ని కొలబద్దతో చూస్తే మాత్రం అంత నిలవదు. వెడల్పులో రెండూ దాదాపు సమానం. నేల నుంచి ఎత్తు చూస్తే ఆయా సోఫియా 55 మీటర్లకు పైన, సెలిమియె 42 మీటర్ల చిల్లర. పోటీ ఆయా సోఫియాతో అన్న మాట నిజమే. కానీ స్తంభాలు అడ్డం రాని విశాలమైన హాలు కావాలన్న కోరిక ఆ పోటీ కంటే పాతది. ఊచ్ షెరెఫెలి పూర్తయిన ఆరేళ్లకు గానీ ఆయా సోఫియా ఒట్టోమన్ల చేతికి రాలేదు.

మరో అభ్యంతరం: ఇలా వరుసగా పేరిస్తే చరిత్ర మెట్లెక్కినట్టు తిన్నగా పైకి పోయిందని భ్రమ కలగదా? కలుగుతుంది. అందుకే తుంజా నది అవతల, ఊరి నడుమ నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండో బాయెజిద్ సముదాయం దాకా నడవాలి. 1484–88 మధ్య కట్టిన ఆ మసీదు స్తంభాల జోలికే పోలేదు. 20 మీటర్లకు కాస్త పైబడ్డ ఒక్క గుమ్మటాన్ని నాలుగు మందపాటి గోడల మీద కూర్చోబెట్టింది. వెడల్పులో వెనకడుగే, కానీ హాలులో ఒక్క అడ్డూ లేదు. ఊచ్ షెరెఫెలిలో వెడల్పు వచ్చింది, అడ్డం పోలేదు. ఇక్కడ అడ్డం పోయింది, వెడల్పు తగ్గింది. ఈ రెంటినీ ఒక్కచోటికి తేవడమే మిగిలిన పని. అన్నట్టు, ఇక్కడ మసీదు కంటే పక్కనున్న ఆస్పత్రి ఎక్కువసేపు నిలబెడుతుంది. ఆరు మూలల హాలు, నడుమ నీళ్ల చప్పుడు, పైన వెలుగు దిగే గూడు. మనసు చెదిరిన రోగులకు ఇక్కడ సంగీతం వినిపించేవారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబి రాశాడు. ఇప్పుడది త్రాక్యా విశ్వవిద్యాలయం నడిపే వైద్య మ్యూజియం. 2004లో యూరప్ కౌన్సిల్ మ్యూజియం బహుమతి దక్కించుకుంది.

మసీదులే చూస్తే ఊరు అర్థమవుతుందా అని అడిగేవాళ్లకూ జవాబు దారిలోనే ఉంది. ఎస్కి జామి పక్కన పద్నాలుగు గుమ్మటాల బెదెస్తెన్ అనే బజారు కట్టింది ఆ మసీదు ఖర్చులకు అద్దెలు రావడానికి. సెలిమియె కింద పావు కిలోమీటరు పొడవున సాగే అంగళ్ల వరుస కూడా అందుకే. వక్ఫ్ ఆస్తి అంటే ఏమిటో ఇక్కడ దుకాణాల రూపంలో చూడొచ్చు. ఎదిర్నె ఒక్క ముస్లింల ఊరే కాదు కూడా. 1905 అగ్నిప్రమాదంలో పదమూడు యూదు ప్రార్థనాలయాలు కాలిపోతే, వాటన్నిటికీ బదులుగా 1909లో ఒక పెద్ద సినగాగ్ వెలిసింది. కొలిచేవాళ్లు ఊరొదిలి వెళ్లిపోయి, పైకప్పు కూలి, చాలా కాలం శిథిలంగా ఉన్న ఆ మందిరాన్ని బాగుచేసి 2015లో తెరిచారు.

ఇక సెలిమియె. 1568–75 మధ్య, రెండో సెలిం కోసం. 31 మీటర్ల పైచిలుకు గుమ్మటాన్ని ఎనిమిది స్తంభాలు మోస్తున్నాయి. నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు గుమ్మటం వైపు తలెత్తుతారు. వరుసలో వచ్చినవాళ్లు ముందు స్తంభాల కోసం వెతుకుతారు, వెంటనే దొరకవు కూడా. సినాన్ వాటిని అంచులకు, గోడల దాపుకు జరిపేశాడు. గుమ్మటం బయటికి నెట్టే బలాన్ని కాచే ఆసరా గోడల్ని వరండాల మాటున కలిపేశాడు. ఊచ్ షెరెఫెలిలో ఎబ్బెట్టుగా మిగిలిన మూలల్లో ఇక్కడ అర గుమ్మటాలు సాఫీగా ఒదిగాయి. బరువు మోసే పని తప్పిపోయిన గోడలకు కిటికీలు పెట్టుకునే వీలు దొరికింది, అందుకే అంత వెలుతురు. సుమారు 71 మీటర్ల మీనార్లలో రెండింటికి మూడేసి మెట్ల దారులున్నాయి, ఊచ్ షెరెఫెలి యుక్తే, కానీ ఒళ్లు చాలా సన్నం. ఇలా చూపించడం సినాన్ గొప్పను తగ్గించడం కాదా అంటే కాదు. నూటయాభై ఏళ్లుగా పరిష్కారం కాని లెక్క ఎంత కష్టమైనదో తెలిసినవాళ్లే దాన్ని పరిష్కరించినవాణ్ని సరిగ్గా మెచ్చుకోగలరు. ఒక్క లోపం కూడా చెప్పాలి. సరిగ్గా గుమ్మటం కింద, హాలు నట్టనడుమ, నమాజుకు పిలుపిచ్చే ముఅజ్జిన్లు నిలబడే వేదిక పెట్టారు. స్తంభాలు తొలగించడానికి అన్ని తంటాలు పడి చివరికి అక్కడొక అడ్డు నిలబెట్టడం ఎందుకో! దాని కింద చెక్కిన తలకిందుల తులిప్ పువ్వును చూడటానికి జనం గుమికూడతారు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు.

ఇస్తాంబుల్ నుంచి ఎదిర్నె సుమారు 240 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది, ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ తప్పించుకోండి. సెలిమియెలో 2021 చివర్లో పెద్ద మరమ్మతు మొదలైంది, లోపలికి ఎంతమేరకు వదులుతున్నారో బయల్దేరే ముందే కనుక్కోండి. సమయం చాలకపోతే నది అవతలి బాయెజిద్ సముదాయాన్ని వదిలేయొచ్చు. ఊచ్ షెరెఫెలిని మాత్రం వదలొద్దు, దాన్ని చూశాకే సెలిమియె మెట్లెక్కండి.