గుండె లయ తప్పినపుడు: గణకయంత్రము చేయు సాయము

తుళ్లూరు ప్రాంతమున మిరపకాయలు కళ్లములో ఎండిన పిమ్మట కూలీలు వరుసగా కూర్చుండి ఎఱ్ఱని కాయలనుండి తెల్లబారిన తాలుకాయలను ఏరివేయుదురు. అలవాటుపడిన కన్ను చూచినంతనే తాలును గుర్తించును. మన గుండె దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనును. ఆ లక్షలో సరియైనవేవి, తాలు ఏవి అని ఏరవలసి వచ్చినచో ఏ వైద్యునకైనను అంత తీరిక యుండునా? ఈ పనికి నేడు కంప్యూటరు అను గణకయంత్రమును నియోగించుచున్నారు.

గుండెలోని విద్యుత్తు

గుండె కండరముతో నిర్మితమైన పంపు. దానిని నడుపునది విద్యుత్తు. కుడి కర్ణిక పైభాగమున చిన్న కణసముదాయ మొకటి కలదు. దీనిని కీత్, ఫ్లాక్ అను శాస్త్రజ్ఞులు 1907లో వెల్లడించిరి. విశ్రాంతిగా నున్న పెద్దవారిలో ఇది నిమిషమునకు 60 మొదలు 100 సార్లు విద్యుత్ ప్రేరణమును పుట్టించును. ఆ ప్రేరణము మొదట కర్ణికలను, స్వల్పకాల మాగి తరువాత జఠరికలను ముడుచుకొనజేయును. ఆ విరామములో జఠరికలు రక్తముతో పూర్తిగా నిండును.

ఈ విద్యుత్తు చర్మముపైకి వచ్చుసరికి సుమారు వోల్టులో వెయ్యవవంతు మాత్రమే. 1887లో లండనులో వాలర్ దీనిని మొదటిసారి నమోదు చేసెను. హాలెండు దేశీయుడగు ఐంథోవెన్ సూక్ష్మమైన తీగగల గాల్వనోమీటరుతో స్పష్టమైన రేఖలను గీయించి, 1924లో నోబెల్ బహుమానము పొందెను. ఆ రేఖలోని పి తరంగము కర్ణికలది, క్యూ.ఆర్.ఎస్. అను నిటారు శిఖరము జఠరికలది. టి తరంగము జఠరికలు తిరిగి సిద్ధమగుటను తెలుపును. ఈ రేఖాపటమే ఇ.సి.జి.

లయ తప్పినచో నేమగును?

లయదోషములలో తరచుగా కానవచ్చునది కర్ణికాకంపనము. ఇందు కర్ణికలు క్రమముగా ముడుచుకొనక వణకుచుండును. పి తరంగములు మాయమగును. శిఖరముల మధ్య కాలము అస్తవ్యస్తమగును. కర్ణికలలో నిలిచిన రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడునకు చేరినచో పక్షవాతము రాగలదు. ముందుగా తెలిసినచో తగిన మందులతో ఈ ప్రమాదమును చాలవరకు తప్పించవచ్చును.

చిక్కెక్కడనగా, ఈ దోషము పలువురిలో వచ్చి పోవుచుండును. పొలములో గుండెదడ పుట్టిన తుళ్లూరు రైతు బస్సెక్కి గుంటూరు చేరుసరికి దడ తగ్గిపోవచ్చును. ఆసుపత్రిలో పది సెకండ్లు తీసిన ఇ.సి.జి. నిర్దోషముగా కన్పట్టును. ఈ లోటును తీర్చుటకు అమెరికా శాస్త్రజ్ఞుడు హోల్టర్, మనిషి తన పనులు చేసికొనుచుండగనే గంటల తరబడి నమోదుచేయు సాధనమును నిర్మించి 1961లో వివరించెను.

యంత్రము చదువు విధము

మొదటి పని శుభ్రపరచుట. ఊపిరివలన రేఖ పైకి క్రిందికి ఊగును. కండరముల వణకు, ఇంటి విద్యుత్తులోని 50 ఆవృత్తుల అలజడి దానిలో కలియును. నరసరావుపేట ఇంజనీరింగు కళాశాలకు చెందిన జియా ఉర్ రహమాన్, ఆయన సహచరులు రఫీ అహమ్మద్, రామకోటిరెడ్డి గారలు ఇట్టి అలజడిని తక్కువ గుణకారములతో తొలగించు పద్ధతులను 2012లో ప్రకటించిరి. లెక్క తగ్గినకొలది చిన్న యంత్రమైనను ఆ పని చేయగలదు.

రెండవది శిఖరములను గుర్తించుట. 1985లో పాన్, టాంప్కిన్స్ చూపిన మార్గము ప్రసిద్ధము. క్యూ.ఆర్.ఎస్. రేఖ మిక్కిలి నిటారుగా నుండును గనుక, యంత్రము రేఖ వాలును కొలిచి దానిని వర్గముచేయును. అపుడు నిటారు భాగములు పెరిగి, తక్కినవి అణగిపోవును.

మూడవది తీర్పు. శిఖరముల మధ్య కాలము 0.80, 0.81, 0.79 సెకండ్లుగా నున్నచో లయ సమముగా నున్నట్లు. 0.62, 1.04, 0.71, 0.93 అని ఏ క్రమమును లేక మారుచున్నచో, పి తరంగము కూడ లేనిచో, కర్ణికాకంపనమును శంకింపవలెను. నేటి యంత్రములు వైద్యులు గుర్తుపెట్టిన ఉదాహరణములనుండి స్వయముగా నేర్చుకొనును. 1980లో అమెరికాలో వెలువడిన ఎం.ఐ.టి.-బి.ఐ.హెచ్. సంచయములో 48 అరగంట నమోదులు, దాదాపు 1,10,000 స్పందనలు గలవు. 2019లో స్టాన్‌ఫర్డు పరిశోధకులు 91,232 నమోదులతో 12 విధముల లయలను నేర్పిరి.

నమ్మదగినంత నమ్ముట

నూటికి 95 వంతులు సరిగా చెప్పు యంత్రము కలదనుకొందము. వేయిమందిలో 20 మందికి దోషమున్నచో 19 మందిని అది పట్టును. కాని ఆరోగ్యవంతులైన 980 మందిలో 49 మందిని కూడ రోగులని చెప్పును. హెచ్చరిక పొందిన 68 మందిలో నిజముగా దోషమున్నవారు 19 మందే! కావున యంత్రము హెచ్చరించినంతనే మందు మింగరాదు. వైద్యుడు రేఖను చూచి నిశ్చయింపవలెను. మరియు, నేర్పిన రోగుల రేఖలతోనే పరీక్షించుట విద్యార్థికి ముందుగా ప్రశ్నలు చెప్పి పరీక్ష పెట్టుట వంటిది. క్రొత్తవారిపై, అందును మన ప్రాంతపు జనులపై, పరీక్షించిన యంత్రమే మనకు నమ్మదగినది.

యంత్రము లేనివారికి నాడి కలదు. మణికట్టుపై రెండు వ్రేళ్లుంచి ఒక నిమిషము లెక్కించిన చాలును. కొట్టుకొనుట క్రమము లేకున్నచో ఇ.సి.జి. తీయించుకొనవలెను. రొమ్మునొప్పి, స్పృహ తప్పుట, మూతి వంకరపోవుట వంటివి కన్పించినచో నాడి లెక్కించుచు కాలము గడుపక వెంటనే ఆసుపత్రికి పోవలెను.