నీటి మీద పండే ఆహారం

కోతలప్పుడు గింజ రాలిపోతుంటే చూస్తూ ఊరుకునే రైతును మనమెరుగము. రాలినదాన్ని సైతం పరిగె ఏరుకుంటాము. కాని పడవ మీద కోతకు వెళ్లి, కళ్లెదుటే చాలా గింజ నీళ్లలో పడిపోతున్నా చింతపడని జనం ఉత్తర అమెరికాలో ఉన్నారు. వారు ఓజిబ్వేలు. తమను అనిషినాబే అని చెప్పుకుంటారు. అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాలలోను, సరిహద్దుకు ఆవల కెనడాలోను, మహా సరస్సుల పరిసరాలలో వారి ఊళ్లున్నాయి.

పూర్వం తూర్పు సముద్రతీరాన ఉన్న తమ జనానికి, పడమటికి సాగిపొండి, నీటి మీద ఆహారం పండే చోట నిలవండి అనే ప్రవచనం కలిగిందని వారి పెద్దలు చెబుతారు. తరతరాల ప్రయాణం తరువాత కనబడిన ఆ ఆహారమే మనూమిన్. తెల్లవారు దీనికి అడవి బియ్యమని పేరు పెట్టారు గాని, ఇది మన వరి కాదు. లోతు తక్కువ సరస్సుల బురదలో తనంతట తానే మొలిచి నీటిపైకి ఎదిగే గడ్డిజాతి మొక్క.

ఆగస్టు చివర, సెప్టెంబరులో కోత. కొడవలి ఉండదు. చిన్న పడవలో ఇద్దరు. ఒకరు నిలబడి గడతో పడవను నడిపితే, మరొకరు కూర్చుని ఒక కర్రతో కంకులను పడవలోకి వంచి, రెండో కర్రతో మెల్లగా తడతారు. పండినది రాలుతుంది, పచ్చిది కంకికే ఉంటుంది. ఒకే కంకిలో గింజలన్నీ ఒక్కసారి పండవు గనుక, కొన్ని రోజులు ఆగి మళ్లీ వస్తారు. గట్టిగా కొడితే మొక్క విరిగిపోతుంది. మిన్నెసోటా చట్టం కూడా ఆ కర్ర 30 అంగుళాలకు మించరాదని, ఒక పౌను బరువు దాటరాదని చెబుతుంది. నీళ్లలో పడిన గింజ బురదలోకి దిగి వచ్చే ఏటికి విత్తనమవుతుంది. కొన్ని గింజలు ఏళ్ల తరబడి అక్కడే నిద్రించి తరువాత మొలుస్తాయి. తెచ్చుకున్న గింజను ఎండబెట్టి, వేయించి, గుంటలో పోసి మెత్తని తోలు చెప్పులతో తొక్కి పొట్టు వదిలించి, బర్చి చెట్టు బెరడు చేటలతో చెరుగుతారు. చేటంటే మన ఇళ్లలో చెప్పనక్కరలేదు!

కోతకు ముందు చిటికెడు పొగాకు నీటి మీద ఉంచి కృతజ్ఞత చెల్లిస్తారు. చుట్ట కాల్చడం కాదిది. అడగకుండా, ఇవ్వకుండా తీసుకోరాదన్నది వారి మర్యాద. జ్ఞానం, ప్రేమ, గౌరవం, ధైర్యం, నిజాయితీ, వినయం, సత్యం అనే ఏడింటిని తాతల బోధలని పిల్లలకు నేర్పుతారు. వారి సృష్టి కథలో మొక్కలు, జంతువుల తరువాతే మనిషి వచ్చాడు. అందుచేత అందరికన్నా ఆధారపడినవాడు అతడేనంటారు. ఆదికాండములోను మనిషి చివరనే వచ్చాడు. మనమేమో దానిని పెత్తనానికి గుర్తుగా చదువుకున్నాము.

ఇక్కడ మేము దాచకూడని సంగతి ఒకటుంది. ఓజిబ్వేలలో క్రైస్తవులు ఏనాటి నుంచో ఉన్నారు. వారి భాషలో కీర్తనలున్నాయి. అమెరికా ఎపిస్కోపల్ సంఘంలో ఆదివాసులనుండి మొదటి గురువుగా 1867లో అభిషేకం పొందిన ఎన్మెగాబో వారి మధ్యనే సేవ చేశాడు. అయినా సంఘాలు నడిపిన హాస్టలు బడులలో పిల్లలను తల్లిదండ్రులకు దూరం చేసి, సొంత భాష మాట్లాడితే దండించారు. తాతయ్య పక్కన పడవలో కూర్చుని నేర్వవలసిన వయసు అలా పోయింది. సువార్తతో పాటు తమ నాగరికతను కూడా రుద్దామని కెనడా యునైటెడ్ చర్చి 1986లో ఆదివాసీ సంఘాలను క్షమాపణ అడిగింది. వారు 1988లో ఆ మాటను గుర్తించారే గాని అంగీకరించామనలేదు. మాట క్రియలో కనబడాలని కోరారు. వారిది కఠినత్వమని మాకనిపించదు.

భూమి సంగతీ అంతే. 1837 ఒప్పందంలో ఓజిబ్వేలు విస్తారమైన భూమిని అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నారు గాని, అక్కడ వేటాడే, చేపలు పట్టే, మనూమిన్ కోసుకునే హక్కును ఉంచుకున్నారు. ఆ హక్కు ఇంకా ఉందని సుప్రీంకోర్టు 1999లో తీర్పు చెప్పింది, అదీ ఐదుగురు అవునంటే నలుగురు కాదన్నాక. హక్కున్నా సరస్సులో మొక్క ఉండాలి కదా! జూన్ నెలలో ఆకులు నీటిపై తేలే దశలో నీటిమట్టం హఠాత్తుగా పెరిగితే మొక్క వేళ్లతో లేచిపోతుంది. గనుల నుంచి వచ్చే సల్ఫేటు బురదలో సల్ఫైడుగా మారి వేళ్లను చెరుపుతుంది. మనూమిన్ పండే నీటిలో లీటరుకు 10 మిల్లీగ్రాములకు మించి సల్ఫేటు ఉండరాదని మిన్నెసోటా 1973లోనే నియమం పెట్టింది. దాని అమలు మీద తగవులు ఏళ్ల తరబడి సాగాయి.

ఈలోగా విశ్వవిద్యాలయం వారు గింజ త్వరగా రాలని రకాలను తయారు చేశారు. వాటిని మడులలో పెంచి, యంత్రాలతో కోసి అమ్ముతారు. కాలిఫోర్నియాలో కూడా పెద్దయెత్తున పండిస్తారు. రాలకపోవడం వ్యాపారికి లాభమే. వైట్ ఎర్త్ ఓజిబ్వేలు మాత్రం 2018లో, మనూమిన్‌కు బ్రతికే హక్కు, వర్ధిల్లే హక్కు దానికదే ఉన్నాయని తమ ప్రాంతంలో చట్టం చేసుకున్నారు. ఆగస్టు చివర పెద్దలు సరస్సుకు వెళ్లి, ఒక కంకిని వేళ్లతో తడిమి, ఇంకా పచ్చిగా ఉంటే పడవలను ఆపేస్తారు.