మడత చాకుల నాణ్యతా నియంత్రణ

మడత చాకు అనగా అలుగు పిడిలోనికి మడుచుకొనే చిన్న కత్తి. జేబులో పెట్టుకొని తిరుగుటకు వీలైనది కనుక దీనిని జేబు చాకు అని కూడా అంటారు. మేలు రకపు ఉక్కు, టైటానియం, కార్బన్ ఫైబర్ వంటి పదార్థాలతో చేసి వందల డాలర్లకు అమ్మే మడత చాకులు అమెరికా, జర్మనీ, ఇటలీ, జపాన్, చైనా మొదలైన దేశాలలో తయారవుతున్నాయి. ఇంత ధర గల చాకులలో కూడా అలుగు ఒక ప్రక్కకు ఒరగడం, గడియ సరిగా పడకపోవడం, వాదర రెండు వైపులా సమానంగా లేకపోవడం వంటి లోపాలు కనిపిస్తుంటాయి. వీటిలో కొన్ని కేవలం అందానికి సంబంధించినవి. కొన్ని మాత్రం వాడేవారి వ్రేళ్ళకు ప్రమాదం కలిగించేవి.

నిర్మాణం

మడత చాకులో ముఖ్య భాగాలు అలుగు, పిడి, ఇరుసు, గడియ. అలుగు ఇరుసు చుట్టూ తిరుగుతుంది. అలుగుకు, పిడి లోపలి రేకులకు మధ్య కంచు వాషర్లు గాని, చిన్న గుండ్లు గల బేరింగులు గాని ఉంటాయి. తెరచిన అలుగు దానంతట అది మూసుకొనకుండా ఆపేది గడియ. మూసిన అలుగు జేబులో తెరచుకొనకుండా కొన్ని రకాలలో గడియపై ఒక చిన్న గుండును అమర్చి, అది అలుగు మీది గుంటలో కూర్చునేటట్లు చేస్తారు. మామూలు వంటింటి కత్తిలో కదిలే భాగమేదీ ఉండదు. మడత చాకులో కదిలే భాగాలు ఉండడం వలననే దాని తయారీలో కచ్చితత్వం ఎక్కువగా అవసరమవుతుంది.

చరిత్ర

కత్తుల నాణ్యతపై అదుపు చాలా పాతది. 1624లో ఇంగ్లండు పార్లమెంటు చేసిన చట్టం ద్వారా షెఫీల్డు ప్రాంతంలో హాలంషైర్ కత్తి పనివారల సంఘం ఏర్పడినది. ప్రతి పనివాడు తన గుర్తును సంఘంలో నమోదు చేసుకొని, దానిని తన సరుకుపై ముద్రించేవాడు. లోపం ఎవరిదో తెలుసుకొనుటకు ఈ గుర్తు ఉపయోగపడేది. జర్మనీలోని జోలింగెన్ పట్టణం పేరును కత్తులపై వాడుటకు 1938లో చట్టరక్షణ కల్పించారు. 1994 నాటి ఉత్తర్వు ప్రకారం తయారీలోని ముఖ్య దశలన్నీ ఆ ప్రాంతంలో జరిగిన సరుకుపైననే ఆ పేరు వేయవచ్చును.

ఆధునిక మడత చాకు రూపం 20వ శతాబ్దపు రెండవ భాగంలో స్థిరపడినది. అమెరికాలో 1964లో బక్ సంస్థ విడుదల చేసిన 110వ నమూనా వెనుక గడియ గల చాకులకు పేరు తెచ్చినది. 1981లో స్పైడర్కో సంస్థ జేబుకు తగిలించుకొనే క్లిప్పు, ఒంటి చేతితో తెరచుటకు అలుగులో గుండ్రని రంధ్రం గల చాకును తెచ్చినది. 1980లలో మైఖేల్ వాకర్ లైనర్ లాక్‌ను అభివృద్ధి చేశాడు. ఇందులో పిడి లోపలి రేకే స్ప్రింగు వలె వంగి అలుగు మడమకు అడ్డుపడుతుంది. క్రిస్ రీవ్ ఈ పద్ధతినే మార్చి, టైటానియం పిడిలో ఒక భాగాన్నే గడియగా చేశాడు. ఒంటి చేతితో తెరచి, మూసే చాకులు వచ్చిన తరువాత గడియ నాణ్యత మరింత ముఖ్యమైనది.

సాధారణ లోపాలు

* అలుగు మధ్యలో లేకపోవడం: మూసినపుడు అలుగు పిడి రేకుల నడుమ కాక ఒక వైపుకు ఒరిగి ఉంటుంది. రేకుకు తగిలితే వాదర మొద్దుబారుతుంది.
* అలుగు ఊగడం: తెరచిన అలుగు ప్రక్కలకు గాని, పైకి క్రిందికి గాని కదులుతుంది. ప్రక్కలకు కదలడం తరచుగా ఇరుసు మరమేకు బిగించడంతో పోతుంది. పైకి క్రిందికి కదలడం గడియ లోపానికి గుర్తు.
* గడియ జారడం: అలుగు మడమను సుమారు 8 డిగ్రీల వాలుతో అరగదీస్తారు. వాలు మరీ ఎక్కువైతే ఒత్తిడికి గడియ జారుతుంది. మరీ తక్కువైతే పట్టుకొని వదలదు.
* వాదర అసమానత: ఒక వైపు వాలు వెడల్పుగా, మరొక వైపు సన్నగా ఉంటుంది.
* కఠినత్వ లోపం: ఉక్కు మెత్తబడి వాదర త్వరగా పోతుంది, లేదా పెళుసై విరుగుతుంది.
* గుండు పట్టు చాలకపోవడం: మూసిన చాకు జేబులో తెరచుకొనే ప్రమాదముంటుంది.

కారణాలు

చిన్న తేడాలు కలసి పెద్దవి కావడం మొదటి కారణం. యంత్రంపై చేసిన ఏ రెండు భాగాలూ సరిగ్గా ఒకే కొలతలో ఉండవు. ఉదాహరణకు ఒకదానిపై ఒకటి కూర్చునే 5 భాగాలలో ప్రతి దానికీ 0.03 మి.మీ. తేడాను అనుమతించారని అనుకొందాము. తేడాలన్నీ ఒకే వైపు వస్తే మొత్తం 0.15 మి.మీ. అవుతుంది. ప్రతి భాగం విడిగా పరీక్షలో నెగ్గినా, కూర్చిన చాకు నెగ్గకపోవచ్చును.

ఇరుసు వద్ద గల సందు అలుగు కొనవద్ద పెద్దదిగా కనిపిస్తుంది. 10 మి.మీ. వ్యాసం గల వాషరు వద్ద 0.05 మి.మీ. సందు ఉంటే, సరూప త్రిభుజాల సూత్రం ప్రకారం 80 మి.మీ. దూరంలోని కొన సుమారు 0.4 మి.మీ. కదులుతుంది. వెంట్రుక కంటె సన్నని సందు కూడా చేతికి తెలియుటకు కారణమిదే.

రెండవ కారణం ఉక్కు స్వభావం. అమెరికాలోని క్రూసిబుల్ సంస్థ 2001లో ప్రవేశపెట్టిన సి.పి.ఎం. ఎస్30వి వంటి పొడి లోహ ఉక్కులలో వెనేడియం సుమారు 4 శాతం ఉంటుంది. వెనేడియం కార్బైడు రేణువులు మామూలు సానరాళ్ళలోని అల్యూమినియం ఆక్సైడు కంటె గట్టివి. అందువలన సాన పట్టే పట్టీలు త్వరగా అరుగుతాయి, పని ఆలస్యమవుతుంది. తొందరలో పొడిగా సాన పడితే రాపిడి వేడికి సన్నని వాదర మాత్రం మెత్తబడుతుంది. అలుగు మిగిలిన భాగం బాగుగానే ఉండుట వలన ఈ లోపం కఠినత్వ పరీక్షలో బయటపడదు. అటువంటి చాకు రెండు మూడు సార్లు నెమ్మదిగా సాన పట్టిన తరువాత, లోపలి మంచి ఉక్కు బయటపడి బాగా పనిచేస్తుంది.

మూడవది గడియ అరుగుదల. టైటానియం తేలికైనది, తుప్పు పట్టనిది. కాని గట్టిపరచిన ఉక్కు కంటె మెత్తనిది, రాపిడిలో ఉక్కుకు అంటుకొనే గుణం గలది. అందుచేత పలువురు తయారీదారులు గడియ కొనకు విడిగా ఉక్కు ముక్కను బిగిస్తున్నారు.

ధరకును తనిఖీకిని సంబంధం తక్కువగా ఉండడం కూడా ఒక కారణమే. ఎక్కువ ధరలో అధిక భాగం ఉక్కుకు, పిడి పదార్థానికి, యంత్రపు పనికి, పేరుకు పోవచ్చును. ప్రతి చాకును తెరచి మూసి, సరిచేసి పంపుటకు అనుభవం గల పనివాని సమయం కావాలి.

పరీక్షా పద్ధతులు

ఉక్కు కఠినత్వాన్ని రాక్‌వెల్ పద్ధతిలో కొలుస్తారు. సి స్కేలులో వజ్రపు శంకువును 150 కిలోల భారంతో నొక్కి, అది దిగిన లోతును బట్టి అంకె నిర్ణయిస్తారు. మేలు రకపు మడత చాకులు సాధారణంగా 58 నుండి 62 మధ్య ఉంటాయి. కత్తుల పదునును, అది నిలిచే కాలాన్ని కొలుచుటకు ఐ.ఎస్.ఒ. 8442-5 ప్రమాణం ఉన్నది. వంటకత్తుల కొరకు ఏర్పరచిన ఈ పరీక్షలో ఇసుక రేణువులు కలిపిన అట్టను యంత్రంతో కోయిస్తారు.

సరుకు మొత్తాన్ని కాక కొన్ని నమూనాలను మాత్రమే పరీక్షించడం పరిశ్రమలలో వాడుక. దీనికి ఒక పరిమితి కలదు. పెద్ద రాశిలో నూటికి 2 చాకులు లోపం గలవని, అందులో 20 చాకులను మాత్రమే తీసి చూశారని అనుకొందాము. ఒక్క లోపమూ కనపడకపోవడానికి గల సంభావ్యత 0.98 యొక్క 20వ ఘాతం, అనగా సుమారు 0.67. మూడింట రెండు సార్లు ఆ రాశి నిర్దోషిగా బయటకు పోతుంది. ఒరిగిన అలుగు వలె అందానికి సంబంధించిన వాటికి నమూనా పరీక్ష చాలవచ్చును. గడియ విషయంలో ప్రతి చాకునూ పరీక్షించడమే క్షేమం.

కొనుగోలుదారు పరిశీలించదగినవి

* పూర్తిగా తెరచి, వాదరకు చేతిని దూరంగా ఉంచి, అలుగును మెల్లగా ప్రక్కలకు, పైకి క్రిందికి కదిపి చూడాలి.
* లైనర్ లాక్ రకంలో కొత్త చాకు గడియ అలుగు మడమ వెడల్పులో మొదటి సగంలోనే ఆగడం మంచిది. అరుగుదలకు ఇంకా చోటు మిగులుతుంది.
* వాదరను వెలుగుకు ఎదురుగా పట్టి రెండు వైపుల వాలులను పోల్చాలి.
* మూసిన చాకును తలక్రిందులుగా పట్టి మెల్లగా కుదిపితే అలుగు బయటకు రాకూడదు.
* అలుగు వీపును బల్లపై కొట్టి గడియను పరీక్షించరాదు. మంచి గడియ కూడా దీనివలన చెడవచ్చును, వ్రేళ్ళు తెగవచ్చును.
* మరమేకులు విప్పే ముందు హామీ పత్రం చదవాలి. విప్పిన చాకుకు హామీ వర్తించదని కొన్ని సంస్థల నియమం.

గడియ జారే చాకును ఇంటివద్ద సరిచేయ ప్రయత్నించక, వాడుక మాని తయారీదారునకు తిప్పి పంపడం ఉత్తమం.

ఇవి కూడా చూడండి

* కత్తి
* ఉక్కు
* టైటానియం
* సంభావ్యత