తగ్గించుకోవడం – తగ్గింపబడడం: కొల్లేటి ప్రాంత క్రైస్తవ జీవనంలో వినయభావన

వ్యాససంగ్రహం:
తెలుగు క్రైస్తవుల వ్యవహారంలో వినయానికి బహుళంగా వాడే పదం ‘తగ్గింపు’. స్వచ్ఛందంగా అలవరచుకొనే గుణానికీ, సమాజం బలవంతంగా మోపే న్యూనతకూ ఈ నామరూపం ఒక్కటే. తెలుగు బైబిలులోని క్రియారూపాల ఆధారంగా ఈ రెండింటి భేదాన్ని గుర్తించి, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి గ్రామాల దైనందిన జీవితానికి అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తగ్గింపు, దీనమనస్సు, ఆత్మార్థకం, పాదప్రక్షాళన, కొల్లేరు.

1. ఉపోద్ఘాతం:
కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేటి ప్రాంతంలో క్రైస్తవం 19వ శతాబ్దిలో విస్తరించింది. 1841లో మచిలీపట్నంలో మొదలైన చర్చి మిషనరీ సొసైటీ తెలుగు మిషను అనంతరకాలంలో ఏలూరును కూడా కేంద్రంగా చేసుకొంది. 1976లో ఏలూరు కతోలిక మేత్రాసనం ఏర్పడింది. ఈ ప్రాంత క్రైస్తవుల్లో దళిత కుటుంబాలవారు గణనీయంగా ఉన్నారు. తరతరాలుగా ఊరికి దూరంగా పేటల్లో ఉంచబడినవారికి ‘తగ్గించుకోండి’ అని బోధించినప్పుడు, ‘ఇంకా ఎంత తగ్గాలి?’ అనే ప్రశ్న సహజంగానే ఉదయిస్తుంది. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పనిదే వినయాన్ని గురించిన చర్చ సమగ్రం కాదు.

2. క్రియారూపాల సాక్ష్యం:
లూకా సువార్త 14వ అధ్యాయంలో విందులోని అగ్రపీఠాల ప్రస్తావన ఉంది. దాని ముగింపువాక్యంలో హెచ్చించుకొను, తగ్గింపబడు, తగ్గించుకొను, హెచ్చింపబడు అనే నాలుగు క్రియలూ కనిపిస్తాయి. ‘కొను’ చేరినప్పుడు క్రియ ఆత్మార్థకమై, ఫలం కర్తకే చెందుతుంది. ‘పడు’ చేరినప్పుడు కర్మార్థకమై, చేసేవారు వేరొకరవుతారు. వినయంగా ప్రశంస పొందినది ‘తగ్గించుకొను’ మాత్రమే. ఒకరిని మరొకరు తగ్గించడాన్ని ఆ వాక్యం సద్గుణంగా చెప్పలేదు.

‘దీన’ శబ్దంలోనూ ఇదే భేదం ఉంది. మత్తయి 11లో ‘దీనమనస్సు’ క్రీస్తు స్వభావం. లూకా 1లోని మరియ కీర్తనలో ‘దీనులు’ అణగద్రొక్కబడినవారు. దేవుడు వారిని పైకి లేపుతాడు. దీనమనస్సు అలవరచుకోవలసినది, దైన్యం తొలగింపవలసినది.

3. పాదప్రక్షాళన ఘట్టం:
యోహాను 13వ అధ్యాయంలో యేసు తన అధికారాన్ని ఎరిగినవాడై శిష్యుల పాదాలు కడుగుతాడు. అనంతరం పైవస్త్రం ధరించి, మళ్లీ కూర్చొని, బోధకుడు, ప్రభువు అనే సంబోధనలు తనకు తగినవేనని అంగీకరిస్తాడు. అంటే వినయం గౌరవాన్ని నిరాకరించదు. గౌరవం కలిగినవాడే వంగి సేవ చేస్తాడు. పవిత్ర గురువారంనాటి ఈ కర్మకాండలో స్త్రీల పాదాలను కూడా కడిగేందుకు 2016లో పోప్ ఫ్రాన్సిస్ అధికారికంగా అనుమతించడం ఈ భావానికి కొనసాగింపే.

వంగడంలోనూ పెత్తనం దాగి ఉండవచ్చు. 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో వి. ఎస్. అజరయ్య మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, తమకు కావలసినది స్నేహమని స్పష్టంగా అడిగారు. తరువాత 1912లో ఆయన దోర్నకల్ బిషప్ అయ్యారు. జాలి చూపేవాడు పైనే ఉంటాడు; స్నేహితుడు పక్కన కూర్చుంటాడు.

4. దైనందిన ఆచరణ:
మర్యాదకు పేరుపడిన గోదావరి మాటతీరులో ‘అండి’ ఎవరికి దక్కుతున్నది, ఎవరికి దక్కడం లేదు అన్నది వినయానికి తొలి పరీక్ష. చేపల చెరువు గట్టున పనిచేసే వృద్ధుణ్ణి యువకుడైన యజమాని ‘ఏరా’ అని పిలిస్తే, ఆ వృద్ధుని మౌనం వినయం కాదు, నిస్సహాయత. యజమాని ‘గారు’ అని పిలవడం వినయం. కూలి అడగడం గర్వం కాదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయం బిగపట్టిన కూలినే దోషంగా ఎంచింది. ప్రేమవిందులో పెద్దలు తొలి బంతిని విడిచి వడ్డనకు నిలబడడం, అధ్యాపకుడు విద్యార్థి చూపిన తప్పును తరగతిలోనే ఒప్పుకోవడం ఇటువంటివే.

5. ముగింపు:
వినయబోధ ముందుగా ఎవరిని ఉద్దేశించాలో క్రియారూపమే సూచిస్తున్నది. పీఠం ఉన్నవారికి అది దిగివచ్చే పిలుపు. పీఠం దక్కనివారికి అది అవమానాన్ని సహించమనే ఆజ్ఞ కారాదు. ‘కొను’కూ ‘పడు’కూ గల భేదాన్ని విస్మరించిన బోధ వినయం పేరిట అసమానతనే నిలబెడుతుంది.