టైమింగ్ బెల్టు: తెగేదాకా ఆగితే ఇంజనుకే ముప్పు

బడంగ్‌పేట: ఒకప్పుడు ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టుకున్న వాకిళ్లలోనే నేడు కార్లకు ఆయిలు మారుస్తున్నారు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత బడంగ్‌పేట, నాదర్‌గుల్, మామిడిపల్లి, తుక్కుగూడ చుట్టుపక్కల కారు నడిపి బతికే కుటుంబాలు పెరిగాయి. ఆయిలు, ఫిల్టరు, ఫ్యాన్ బెల్టు వంటివి ఇంటి వద్దే మార్చుకునేవారు వీరిలో ఉన్నారు. టైమింగ్ బెల్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘తెగినప్పుడు చూద్దాంలే’ అనుకోవడం కద్దు. ఈ ఒక్క వస్తువు విషయంలో ఆ లెక్క పనికిరాదు.

ఫ్యాన్ బెల్టు తెగితే ఇంజను వేడెక్కుతుంది. బండిని వెంటనే పక్కకు ఆపితే వందల రూపాయలతో పోతుంది. టైమింగ్ బెల్టు తెగితే ఇంజనులోని వాల్వులు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. కిందినుంచి పిస్టన్లు ఊపుగా వచ్చి, తెరుచుకుని ఉన్న వాల్వులను గుద్దుతాయి. డీజిలు ఇంజన్లు దాదాపు అన్నింటిలోనూ, పెట్రోలు ఇంజన్లు చాలావాటిలోనూ ఇదే జరుగుతుంది. వాల్వులు వంగితే హెడ్డు విప్పక తప్పదు. ఒక్కొక్కసారి పిస్టన్లు కూడా పోతాయి. పాత కారైతే రిపేరు ఖర్చు బండి ధరలో పెద్ద వాటానే తినేస్తుంది. కిరాయి బండి అయితే అది షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఇంట్లో పైసా ఆడదు. నెల వాయిదా మాత్రం ఆగదు.

పిండి గిర్నీ పట్టా చూసినవారికి ఈ బెల్టు సంగతి తేలికగానే అర్థమవుతుంది. గిర్నీ పట్టా నున్నగా ఉంటుంది, బరువు పడితే కాస్త జారినా నష్టం లేదు. టైమింగ్ బెల్టు జారకూడదు. అందుకే దీనికి లోపలివైపు పళ్లుంటాయి. రబ్బరు లోపల గాజు నారతో చేసిన పేటలు ఉంటాయి. కింద క్రాంకు రెండు చుట్లు తిరిగితే పైన క్యాము ఒక్క చుట్టే తిరగాలి. ఆ లెక్క ఒక్క పన్ను తప్పినా ఇంజను లాగదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

పాతకాలపు పెట్రోలు అంబాసిడరుకు, పద్మినికి ఈ బాధ లేదు. వాటిలో గొలుసు ఉండేది. ట్రాక్టర్లలో పళ్ల చక్రాలే ఒకదాన్నొకటి తిప్పుతాయి. రబ్బరు బెల్టును పెద్ద ఎత్తున తయారైన కారులో మొదట వాడినది జర్మనీకి చెందిన గ్లాస్ కంపెనీ, 1962లో. చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ కావడంతో అది ప్రపంచమంతా పాకింది. మన దగ్గర 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో బెల్టు ఇంటింటి కార్లలోకి చేరింది. ఓమ్ని, 800 సీసీ పాత ఆల్టో, శాంత్రో, డీజిలు ఇండికా అన్నీ బెల్టు బండ్లే. ఆల్టో కె10, 1.3 డీజిలు స్విఫ్టు, డిజైరు గొలుసు బండ్లు. తన బండిలో ఉన్నది ఏదో తెలియకుండానే ఏళ్ల తరబడి నడిపేవారు కూడా ఉన్నారు.

ఎప్పుడు మార్చాలన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. సాధారణంగా 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య గడువు. 60 వేల గడువున్న కారు ఇంటి అవసరాలకు ఏడాదికి 10 వేలు తిరిగితే ఆరేళ్లు పడుతుంది. అదే కారు కిరాయికి రోజుకు 200 కిలోమీటర్లు తిరిగితే 300 రోజుల్లో గడువు తీరిపోతుంది. అంటే ఏడాదైనా గడవదు. ప్రయాణికుల కోసం ఏసీ వేసుకుని గంటలు గంటలు నిలబెట్టినప్పుడు బెల్టు తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. కనుక విమానాశ్రయం బండ్లకు మీటరు లెక్క కంటే ముందే మార్చడం క్షేమం. ఇక తిరగకుండా నిలిపి ఉంచిన కారు బెల్టు కూడా ఏళ్లు గడిస్తే ఎండి బీటలు వారుతుంది. పాత డీజిలు ఇన్నోవాలో గడువు రాగానే మీటరు దగ్గర ఒక దీపం వెలుగుతుంది. చిన్న కార్లకు ఆ సౌకర్యం లేదు.

ఈ పని ఇంటి వద్ద చేయవచ్చా? చిన్న పెట్రోలు కారైతే, పానా పట్టడం వచ్చినవారికి, తోడుగా ఒక మనిషి ఉంటే చేయవచ్చు. ఆదివారం ఒక పూట పడుతుంది. డీజిలు ఇండికా జోలికి మాత్రం ఇంటి వద్ద పోకపోవడమే మంచిది. అందులో డీజిలు పంపు టైమింగు కూడా ఈ బెల్టుతోనే ముడిపడి ఉంది.

అసలు ప్రమాదం ఇంజనులో కంటే ముందు జాకీ దగ్గర ఉంది. జాకీ మీద ఎత్తిన కారును ఇటుకల మీద నిలబెట్టరాదు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఇనుప స్టాండు పెట్టి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం వేసిన తరువాతే చక్రం విప్పాలి. ఇంజను చల్లారాలి, బ్యాటరీ తీగ తీయాలి. ఇంజను మౌంటు విప్పే బండ్లలో ఆయిలు చాంబరు కింద చెక్క పలక వేసి రెండో జాకీతో ఇంజనుకు దన్ను ఇవ్వాలి. క్రాంకు పుల్లీ బోల్టు మొండికేస్తుంది. బండిని టాప్ గేరులో ఉంచి, లోపల ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే అది వదులుతుంది.

ఇక అన్నిటికంటే ఓపిక కావలసిన ఘట్టం గుర్తులు కలపడం. గేరు తీసి, స్పార్కు ప్లగ్గులు విప్పి, క్రాంకును పానాతో తిప్పుతూ క్రాంకు గుర్తు, క్యాము గుర్తు రెండూ వాటి వాటి గీతలకు ఎదురుగా తేవాలి. కింది కవరు తీయక ముందే సుద్దతోనో తెల్ల రంగుతోనో గుర్తు పెట్టుకునే మెకానిక్కులున్నారు. మంచి పద్ధతి. పాత బెల్టు తీసిన తరువాత రెండింటిలో దేనినీ కదపరాదు. ఆ చోట ఆయిలు తడి కనిపిస్తే సీలు కారుతున్నదని అర్థం. ఆయిలు తగిలితే కొత్త బెల్టు కూడా త్వరగా పాడవుతుంది కనుక ముందు సీలు మార్చాలి. కొత్త బెల్టును మడత పెట్టరాదు, మెలి తిప్పరాదు. వదులంతా టెన్షనరు వైపు వచ్చేలా ఎక్కించాలి.

బిగించగానే తాళం తిప్పి స్టార్టు చేసే తొందరలోనే ఇంజన్లు పాడవుతాయి. ముందు పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు, ఇంజను తిరిగే దిక్కుకే తిప్పాలి. గుర్తులు మళ్లీ ఎదురెదురుగా రావాలి. మధ్యలో గట్టిగా ఏదో తగిలి ఆగితే బలవంతం చేయకుండా మొదటికి రావాలి. చేత్తో తిప్పినప్పుడు తగిలిన వాల్వు వంగదు, స్టార్టరుతో తిప్పితే వంగుతుంది.

బెల్టు ఒక్కటే మార్చి టెన్షనరు బేరింగును పాతదే ఉంచడం అక్కరకురాని పొదుపు. బేరింగు పట్టేస్తే కొత్త బెల్టూ పోతుంది. ఈ బెల్టుతోనే వాటర్ పంపు తిరిగే బండ్లలో అదీ అప్పుడే మార్చుకుంటే మళ్లీ విప్పే పని తప్పుతుంది. పానాలు, గోటీలు జుమ్మేరాత్ బజారులో పాతవి కొన్నా సరిపోతాయి. బెల్టు మాత్రం రాణిగంజ్ వంటి చోట నమ్మకమైన దుకాణంలో, బిల్లుతో, బండి మోడలు, ఇంజను నంబరు చెప్పి కొనాలి. నకిలీ సరుకు డబ్బా మీద అచ్చు అసలుదానిలాగే ఉంటుంది.

మార్చిన తేదీ, మీటరు అంకె రాసిన చీటీని బానెటు లోపల అంటించుకోవడం మంచి మెకానిక్కుల అలవాటు. పాత కారు కొనేవారు మొదట వెతకవలసింది ఆ చీటీనే. అది లేకపోతే, అమ్మినవారు మీటరు ఎంత తక్కువ చూపించినా, బేరంలోనే బెల్టు ఖర్చు తగ్గించి ఇవ్వమని అడగాలి. బండిని ఇంటికి తెచ్చిన వారంలోనే మార్పించాలి.